పరిగె ఏరిన పొలం

గార్ల దగ్గర ఒక పాతకాలపు రచయిత సాగుచేసిన పొలాన్ని పార్కుగా మార్చారంటే ఆశగా వెళ్లాను. వరి పండిన చోట పచ్చిక, సిమెంటు జింకలు! పచ్చిక మీద కాలు పెట్టానో లేదో, కాపలాదారు ఈల ఊది "గడ్డి తొక్కరాదు" అన్న బోర్డు చూపించాడు.

తిరుగు బస్సులో ఆ కోపమంతా పక్కసీట్లో కూర్చున్న ముసలామె ముందు వెళ్లగక్కాను.

"చిన్నప్పుడు గా పొలంలనే రాలిన కంకులు, పరిగె ఏరుకునేటోళ్లం బిడ్డా," అందామె. "ఆ సారు గట్టు మీద నిలవడి, కోసిన వరి కొయ్యకాళ్లు గుచ్చుకుంటయ్, పైలం అనేటోడు."

"పార్కు చేసినంక పోయినవా అవ్వా?"

"మొన్న మనుమరాలికి చూపెడదామని పోయిన. నన్ను గూడ ఈలేసి ఎల్లగొట్టిండ్రు."

అంటూనే పగుళ్లు వారిన పాదాలను సీటు కిందికి లాక్కుంది, బస్సులో కూడా ఎవరో ఈల వేస్తారన్నట్టు.