రెండోసారి అడగని ప్రశ్న

మేబెల్ చేసే పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇంటింటికీ వెళ్ళి, తలుపు కొట్టి, ముక్కూ మొహం తెలియని మనుషుల్ని మీ బతుకు మీకు తృప్తిగా ఉందా అని అడగాలి. అదీ ఊరికే అడగడం కాదు. ఒక నిచ్చెనను ఊహించుకోమనాలి. అడుగున సున్నా, పైన పది. ఉన్నవాటిలోకెల్లా మంచి బతుకు పైమెట్టు, చెడ్డ బతుకు కిందిమెట్టు. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద నిలబడి ఉన్నారు? వాళ్ళు చెప్పిన అంకెను చేతిలో ఉన్న ట్యాబ్‌లో నొక్కి పక్కింటికి పోవాలి. ఆ అంకెలన్నీ కలిపి దేశం ఎంత తృప్తిగా ఉందో ఎవరో ఎక్కడో కూర్చుని తేలుస్తారట. తేల్చుకోనీయండి, మనకెందుకు.

యాభై దాటిన మేబెల్‌కు ఆ పని ఇచ్చింది సర్వే కంపెనీలో సూపర్‌వైజర్ స్వర్ణలత. మంచి పిల్లే గానీ రూల్ దగ్గర మాత్రం వదలదు.

"మేడమ్, వాళ్ళు ఏం చెప్తే అదే నొక్కాలె. నిజమా అని రెండోసారి అడగొద్దు. అడిగినమనుకో, అది వాళ్ళ జవాబు కాదు, మన జవాబు అయితది," అని మొదటిరోజే చెప్పింది. మేబెల్ ఆ మాటను బైబిల్ వాక్యంలా కంఠస్థం చేసుకుంది.

బోయిగూడలో పుష్పమ్మ అని ఒకావిడ ఉంది. రేకుల గది, మూలన నీళ్ళ డ్రమ్ము, మంచం మీద లేవలేని కొడుకు. నిచ్చెన సంగతంతా ఓపిగ్గా విని, "పది నొక్కు," అంది. మేబెల్ తలెత్తి ఆవిడ వైపు చూసింది.

"గట్ల చూస్తవేందమ్మా? తక్కువ జెప్తే పైనున్నోడు వినడా? ఉన్నది సుత గుంజుకుంటే నేనేం జెయ్యాలె?"

మేబెల్ పది నొక్కింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, అయ్యో పాపం అనుకుంది. అనుకుని పక్కింటి తలుపు కొట్టింది.

నన్నడిగితే పుష్పమ్మను చూసి జాలిపడేంత ఖాళీ మేబెల్‌కు ఉండకూడదు. ఆ భయం ఆవిడ ఇంట్లోనూ కాపురముంది. కాకపోతే అక్కడ దానికి భయం అని పేరు లేదు, దేవుని కృప అంటారు.

మేబెల్ భర్త నతానియేల్. వాళ్ళ తాత గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో పంతులుగా స్థిరపడ్డాడు. నతానియేల్ కూడా రాంగోపాల్‌పేట్‌లో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసేవాడు. కరోనా తర్వాత బడి తెరిచారు గానీ డ్రాయింగ్ పీరియడ్ తెరవలేదు. అప్పట్నుంచి ఆయన కార్ఖానా ఏరియాలో ఒక ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో విజిల్ ఊదుతూ కార్లను వెనక్కి రానిస్తుంటాడు. పెళ్ళికొచ్చిన పాత విద్యార్థి ఎవరైనా, "సార్, మీరేంటి ఇక్కడ?" అంటే, "తెలిసినవాళ్ళ పెళ్ళేనయ్యా," అని విజిల్ జేబులో దాచేస్తాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం తినడు.

అలాంటి మనిషి ప్రతి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే వేళ, అందరికంటే ముందుగా లేచి నిలబడతాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. "ఏ లోటూ లేకుండా దేవుడు మమ్మల్ని నడిపిస్తున్నాడు. నేను సంతోషంగా ఉన్నాను," అంటాడు. సంఘమంతా స్తోత్రం అంటుంది. విశ్వాసమంటే నతానియేల్ గారిదమ్మా అని ఆడవాళ్ళు మేబెల్ చెయ్యి పట్టుకుని చెబుతారు. ఆవిడకు ఒళ్ళు పొంగిపోయేది. ఎందుకు పొంగదు? పిల్లల్లేని ఇంట్లో పదిమంది ముందు చెప్పుకోవడానికి వాళ్ళకున్నదల్లా అదే.

పోయినేడు వానాకాలంలో నతానియేల్‌కు కడుపునొప్పి మొదలైంది. బాత్రూమ్‌లోకి వెళ్ళి, మూలుగు బయటికి వినపడకుండా కుళాయి తిప్పి ఉంచేవాడు. ఒకరోజు పొద్దున నీళ్ళు పొంగి గుమ్మం దాటాయి. మేబెల్ తలుపు తోసి చూస్తే ఆయన బకెట్ అంచు పట్టుకుని నేలమీద ముడుచుకుపోయి ఉన్నాడు. తువాలు పళ్ళ మధ్య ఉంది.

ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. "అంకుల్, నొప్పి పదికి ఎంత ఉంటుంది?" అని అడిగాడు.

నతానియేల్ కుర్చీలో నిటారుగా కూర్చుని చొక్కా సర్దుకున్నాడు. "రెండండీ. దేవుని కృప."

మేబెల్ పక్కనే నిలబడి ఉంది. పొద్దున చూసిన కళ్ళు ఆవిడవే. నోరు తెరిచి, కాదు డాక్టర్ గారూ, ఈయన అబద్ధమాడుతున్నాడు అంటే సరిపోయేది. అనలేదు. మొగుడి మాటను పరాయివాళ్ళ ముందు కాదనడం ఆవిడ ఎరగదు. వాళ్ళు చెప్పిందే నొక్కాలి అన్న రూల్ కూడా అలవాటైపోయింది. పోనీ అంతే అయితే సరిపెట్టుకోవచ్చు. రెండు అన్న మాట వినగానే ఆవిడ గుండె తేలికపడింది, అసలు సంగతి అదీ. ఆ రెండును ఆవిడ నమ్మాలనుకుంది. డాక్టర్ గ్యాస్ మాత్రలు రాశాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు నతానియేల్ మూడు అన్నాడు, మాత్ర మార్చారు. ఇద్దరూ వచ్చేదారిలో టీ తాగి ఇంటికొచ్చారు.

ఎండలు ముదిరాక ఒక పెళ్ళిలో, వెనక్కి వస్తున్న కారు వెనకాలే నతానియేల్ కుప్పకూలాడు. డ్రైవర్ చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. స్కాన్ తీశారు. పాంక్రియాస్‌లో క్యాన్సర్ గడ్డ, లివర్‌కు కూడా పాకింది. ఈసారి చూసింది పెద్ద డాక్టర్. ఇంత నొప్పి ఇన్నాళ్ళు ఎలా భరించారు, ముందే వచ్చుంటే ఏదైనా చేసేవాళ్ళం కదా అన్నాడు. వచ్చాం అని మేబెల్ అనబోయింది. వచ్చి ఏం చెప్పారు అని అడిగితే? ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి తీసుకెళ్ళి నచ్చింది పెట్టమన్నారు.

ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుందామని చర్చి అయ్యగారే కబురు చేశారు. ఆ సాయంత్రం మేబెల్ పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసింది, చాప పరిచింది. నతానియేల్ మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. చొక్కా వేసుకున్నాడు, అందులో మనిషి ఉన్నట్టే లేడు. మేబెల్ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఏవండీ, నొప్పి ఎంతుంది?"

"నాలుగు."

"కాదు. నిజం చెప్పండి."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అడిగిందే మళ్ళీ అడగడం అదే మొదలు.

"తొమ్మిది," అన్నాడు.

"మరి అప్పుడు? ఆసుపత్రిలో రెండన్నప్పుడు?"

"ఎనిమిది ఉండేదేమో."

మేబెల్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. "ఎందుకు చెప్పలేదండీ? ఎందుకు చేశారిలా?"

"ఆదివారం లేచి నిలబడి సంతోషంగా ఉన్నానని చెప్పి, సోమవారం డాక్టర్ దగ్గర బాగాలేదని ఎలా చెప్పను మేబెల్? అప్పుడు ఆదివారం చెప్పింది అబద్ధమైపోదూ?"

ఆవిడకు ఆ మనిషిని పట్టుకుని కుదపాలనిపించింది. కుదపడానికి అక్కడేముంది, ఎముకలు తప్ప. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఊరందరినీ అడుగుతావు కదా," అన్నాడు ఆయన. "ఆ నిచ్చెన సంగతి నన్నెప్పుడూ అడగలేదేం?"

"ఇంట్లోవాళ్ళని అడక్కూడదండీ."

"ఇప్పుడడుగు."

మేబెల్ అడిగింది. రోజూ గుమ్మాల్లో అడిగినట్టే, అవే మాటల్లో. అడుగున సున్నా, పైన పది. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద నిలబడి ఉన్నారు?

"ఒకటి."

"ఈ జబ్బు తెలిసినప్పట్నుంచా?"

"కాదు. బడి వదిలినప్పట్నుంచి. విజిల్ పట్టుకున్న రోజు నుంచి అక్కడే ఉన్నాను. మళ్ళీ పైకి ఎక్కింది లేదు."

"నాకైనా చెప్పకూడదా? నేను పరాయిదాన్నా?"

"చెబితే నీదెంతో నువ్వూ చెప్పాల్సొచ్చేది. అది వినే ధైర్యం నాకు లేదు," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఎంత, మేబెల్?" అన్నాడు.

ఎనిమిది అందామనుకుంది. ఆరైనా అందామనుకుంది. పోయే మనిషికి ఒక మంచి అంకె చెబితే ఏం పోయింది? కానీ ఇప్పుడే కదా నిజం చెప్పమని పీడించింది. నిజం చెబుదామంటే, ఆ అంకె ఏమిటో ఆవిడ తనను తాను ఎన్నడూ అడగలేదు. ఆయన అలా చూస్తూనే ఉన్నాడు.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. "వందనాలమ్మా," అంటూ అయ్యగారు లోపలికి వచ్చారు. మేబెల్ మంచం మీంచి లేచింది. వెనకాల సంఘం వాళ్ళు వచ్చి కుర్చీల్లో, చాప మీద సర్దుకున్నారు.

"ఎలా ఉన్నారు బ్రదర్?"

నతానియేల్ మోచేతుల మీద బలం తెచ్చుకుని దిండు మీద పైకి జరిగాడు. చొక్కా సర్దుకున్నాడు. "బాగున్నానండీ, దేవుని కృప. ఏ లోటూ లేదు."

స్తోత్రం, అన్నారందరూ. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అయ్యగారు మేబెల్ వైపు తిరిగారు.

"మీరెలా ఉన్నారమ్మా?"

"బాగున్నానండీ," అంది మేబెల్.

అని, అయ్యగారి మొహంలోకి చూస్తూ నిలబడింది. ఇంకొక్కసారి అడుగుతారేమోనని చూసింది. అయ్యగారు తలూపి, కళ్ళజోడు పెట్టుకుని, బైబిల్ తెరిచారు.