కోటగోడకు పెట్టిన బెల్లం

ఏడో తరగతిలో చరిత్ర పరీక్షకు నాకు వందకు తొమ్మిది మార్కులు వచ్చాయి. అవి కూడా నా పేరు తప్పు లేకుండా రాసుకున్నందుకు వేసి ఉంటారని మా నాయన అనుమానం. దాంతో బడి మానేశాను. రాజులు మాత్రం నన్ను వదల్లేదు. పదేళ్ళు తిరక్కుండా చంద్రగిరి కొండ ఎక్కించి, వాళ్ళ కోటగోడకే నా నెత్తిన సున్నం మోయించారు.

డెబ్బైల చివరినాటి మాట. తిరుపతి నుంచి వచ్చే యాత్రికులు కింద రాజమహలు చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పైకోట వైపు తలెత్తేవాళ్ళు తక్కువ. తలెత్తినా ఏముంది, సగం కూలిన బురుజులు, వాన నీళ్ళు నిలిచే గుంటలు, ఉరికంబమని జనం చెప్పుకునే రాతి స్తంభాలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. హంపి పోగొట్టుకున్న రాజులు పెనుకొండకు, ఆ తర్వాత ఇక్కడికి కాపురం మార్చుకున్నారని ఆ గోడలు బాగుచేసే పనికి మమ్మల్ని పెట్టుకున్న మేస్త్రి చెప్పేవాడు.

"అంత పెద్ద రాజులే మూడూళ్ళు మారినారు, నేను మూడు పనులు మారితే తప్పా మేస్త్రీ?" అన్నాను.

"వాళ్ళని తరిమినారప్పా. నిన్నెవురు తరిమినారు?"

ఒక చోట పది రోజులుంటే నాకు అరికాళ్ళు దురద పెట్టేవి.

పాత గోడకు సిమెంటు పనికిరాదు. కరక్కాయలు దంచి, బెల్లం వేసి, పది రోజులు నానబెట్టిన నీళ్ళతో సున్నం కలపాలి. ఆ బెల్లమే సున్నాన్ని గోడకు పట్టి నిలిపేది. ఆ కుండలన్నీ ఒక అవ్వ చేతిలో ఉండేవి. మోకాళ్ళు అరిగిపోయి తట్ట మోయలేకపోయేది. ఆ కొండ మీద ఆమెకు చేతనైన పని అదొక్కటే, దానితోనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఒక సాయంత్రం అవ్వ కాళ్ళు చాపుకుని, "రేయ్, ఆ రెండు బెల్లం అచ్చులూ కడాన ఉండే కుండలో ఎయ్యరా" అంది. చిత్తూరు బెల్లం. పొద్దుట్నుంచి కొండెక్కి దిగిన కడుపు. ఒక ముక్క కొరికి చూశాను. కుండ దగ్గరికి చేరేసరికి చేతులు నాకడమే మిగిలింది.

ఆ కుండ నీళ్ళు ఉత్తరం వైపు గోడలో ఒక నిలువెత్తు ముక్కకు పోయాయి. పని ముగించిన రోజు మేస్త్రి, "వానలు పోనీ, సూస్తాం. సున్నం వదిలితే, కలిపినోళ్ళకి ఈడ పనుండదు" అన్నాడు.

కలిపింది అవ్వ.

ఇక నాకు కూర్చుంటే లేవాలి, లేస్తే కొండెక్కాలి. నాలుగు చినుకులు పడితే చాలు, అన్నం ముందు నుంచి లేచిపోయి ఆ గోడ సందుల్లో వేలు పెట్టి చూసేవాణ్ణి. తడిస్తే భయం, ఆరితే అనుమానం.

"ఏమిరా, గోడకు కాపలా పెట్టినారా నిన్ను?" అంది అవ్వ.

"శత్రువులొస్తారేమోనని, అవ్వా."

"వస్తే నిన్ను సూసి నవ్వుకుంటా పోతార్లే."

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంకో జోకే వచ్చింది.

కార్తీకంలో తుపాను పట్టి మూడు రోజులు కురిసింది. నాలుగో పొద్దున అందరం ఎక్కాం. గోడంతా నిలిచింది. ఆ నిలువెత్తు ముక్కలో మాత్రం సున్నం దోసెపిండిలా కిందికి జారి ఉంది. మేస్త్రి తాపీతో గీకి, వేళ్ళ మధ్య నలిపి చూసి, అవ్వ వైపు తిరిగాడు.

"నానబెట్టింది నేనే నాయనా" అంది అవ్వ. నన్ను పంపిన మాట ఎత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు. కొంగు దులిపి భుజాన వేసుకుని, దిగడానికి మోకాలు పట్టుకుంది.

"మేస్త్రీ, కోట మీద దాడి చేసింది నేనే. బెల్లం తినేసినా" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"తట్ట ఆడ పెట్టి దిగు" అన్నాడు మేస్త్రి. "అవ్వా, నువ్వు కూసో."

దిగిన కాళ్ళు ఆగలేదు. గూడూరులో నిమ్మకాయల బస్తాలెత్తాను. తడ దగ్గర లారీ క్లీనరుగా ఉన్నాను. పులికాట్‌లో రొయ్యల గంపలు మోశాను. ఎక్కడా ఏడాది దాటలేదు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత చిత్తూరు బస్సు చంద్రగిరిలో ఆగితే దిగాను. కోట దారిలో అవ్వ సీతాఫలాలు పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టి కొండ వైపు చెయ్యెత్తింది.

"నువ్వు తినేసిన గోడ మళ్ళీ కట్టినాము. ఉండాది."

"పూర్వం నాలాంటోడే ఎవుడో బెల్లం తినుంటాడవ్వా, అందుకే కోటంతా కూలింది."

"సరేలే. ఇప్పుడు యాడుండావు? ఈడ రెండు దినాలుంటావా?"

నా కళ్ళు అప్పటికే బస్సులాగే చోటు వైపు పోయాయి. అవ్వ చూసింది.

"గోడకు పొయ్యాల్సిన బెల్లమంతా నీ కడుపులోనే పడింది గదరా! అయినా నువ్వు ఒక్కసోట నిలిసిన పాపాన పోలేదే!"