చక్రాల ఇంటికి ఆగ్నేయం

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నాకో వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్సు, మెట్లకు రెయిలింగులు చేస్తాను. ప్లాట్ల ధరలు కొండెక్కి కూర్చున్న ఆ రోజుల్లో నాకు చేతినిండా పని. మన్నెగూడ నుంచి మా ఊరి దాకా ప్లాటు కొన్న ప్రతివాడూ ముందు గేటు పెట్టించేవాడు. ఇల్లు సంగతి తర్వాత. కొందరి గేటుకు అటూ ఇటూ గోడ కూడా ఉండేది కాదు. అయినా తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని హయత్‌నగర్‌లోని అద్దె ఇంటికి వెళ్లిపోయేవారు. మేకలు గేటు పక్కనుంచి లోపలికి పోయేవి. నా పని గేటు వరకే.

ఆ పనుల మధ్యే మా ఆవిడ కోసం ఒక బండి మొదలుపెట్టాను. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న గది అది. నీటిబొట్టును అడ్డంగా పడుకోబెట్టినట్టు ముందు గుండ్రంగా, వెనక వాలుగా ఉంటుంది. లోపల ఇద్దరు పడుకోవచ్చు. కూర్చుంటే తల తగులుతుంది. వెనక తలుపు పైకెత్తితే వంటిల్లు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. విదేశాల వాళ్లు అలాంటివి అడవుల్లోకి, మంచుకొండల్లోకి తీసుకుపోతున్నారు. నేను హాలియా దాకా తీసుకుపోదామనుకున్నాను.

హాలియాలో మా ఆవిడ చెల్లెలు ఉంటుంది. మా ఆవిడకు షుగరు, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. కొన్నేళ్ల కింద ఎండాకాలంలో చెల్లెలింట్లో శుభకార్యానికి పోయి, మందు వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టింది. అంతలో ఫ్రిజ్‌లోకి మటన్ వచ్చింది. చోటు చాలక ఎవరో ఆ చిన్న డబ్బా తీసి కిటికీలో, ఎండలో పెట్టారు. మటన్ అయిపోయాక మళ్లీ లోపల పెట్టారు. పాడైన మందు పొడుచుకుంటూ ఇంటికొచ్చిన మనిషి దవాఖానలో పడింది. కిటికీ సంగతి తర్వాత ఎవరో మాటల్లో అంటే మాకు తెలిసింది. చెల్లెలికి మాత్రం మా ఆవిడ చెప్పలేదు, బాధపడుతుందని.

అప్పటినుంచి ఆమె మా ఇల్లు దాటి ఎక్కడా రాత్రి పడుకోలేదు. దగ్గరి పెళ్లిళ్లకు పొద్దున పోయి పొద్దుగూకే సరికి వచ్చేసేది. హాలియాకు అదీ లేదు. "ఒకలింట్ల ఫ్రిజ్‌ల జాగ అడుగుడు నాతోని కాదు" అనేది. ఒకరోజు చెల్లెలు ఫోను చేసింది. తన కూతురు నీళ్లోసుకుంది, బిడ్డ పుట్టినంక చేసే తొట్టెల ఫంక్షనుకన్నా రావాలె అంది. మా ఆవిడ ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూస్తే నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు. ఫ్రిజ్ మీదే అనుకుంటా. మన ఫ్రిజ్‌ను మనమే వెంట లాక్కుపోతే ఎవరినీ ఏమీ అడిగే పని లేదు కదా అని అప్పుడు తట్టింది.

కరెంటు లెక్క పెద్దదేం కాదు. కారులో పెట్టుకునే చిన్న ఫ్రిజ్ డబ్బా, ఒక ఫ్యాను, ఒక బల్బు. బ్యాటరీ ఇంట్లో ఇన్వర్టరుదే, కొంచెం ముసలిది. ఇంటి దగ్గర నిండా చార్జి చేసి బయల్దేరాలి. ఆపైన సోలార్ ప్యానల్ చూసుకుంటుంది. ప్యానల్ బిగించడానికి చదునైన చోటు వెనక వాలు ఒక్కటే. కాబట్టి బండి తోక దక్షిణానికి పెట్టి నిలపాలి, ఎండ అటే ఉంటుంది. బయటి కరెంటు ఎక్కించుకునే ప్లగ్గు మాత్రం పెట్టలేదు. ఎవరినీ ఏమీ అడగకూడదన్నప్పుడు ప్లగ్గు ఎందుకు?

సామాన్లకు మంచం కింద అరలు చేశాను. కుక్కరు, పోపుల డబ్బా, బియ్యం, నీళ్ల క్యాను, పానాలు, జాకీ అన్నిటికీ కొలతలు తీసుకున్నాను. మా ఆవిడ కోరింది ఒక్కటే. పడుకున్న చోటునుంచి చెయ్యి చాపితే ఫ్రిజ్ డబ్బా అందాలి.

అరలు బిగించబోతుండగా మా అన్న వచ్చాడు. మా అన్న తుక్కుగూడ వైపు ప్లాట్లు అమ్మిస్తాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గిది ఏ ఫేసింగ్ రా?"

"చక్రాలున్నయ్ గదనే. ఎటు తిప్పితే అటు."

"లోపల పండుకుంటరా, లేదా?"

"పండుకుంటం."

"పొయ్యి వెట్టినవా, లేదా?"

"పెట్టిన."

"మరి ఇల్లే గదరా. ఇల్లన్నంక ఫేసింగ్ ఉండదా?"

అన్న ఫోనులో దిక్కులు చూశాడు. తలుపు ఎడమ పక్కన ఉంది. తలుపు తూర్పుకు ఉండాలంటే బండి ముక్కు దక్షిణానికి, తోక ఉత్తరానికి పెట్టాలి. అప్పుడు ముందు ఎడమ మూల ఆగ్నేయం, బ్యాటరీ అక్కడ. ముందు కుడి మూల నైరుతి, జాకీ, పానాలు, బియ్యం లాంటి బరువులు అక్కడ. నీళ్ల క్యాను వెనక, ఈశాన్యంలో. పొయ్యి వెనక కుడి మూల, వాయవ్యంలో ఉన్నా నడుస్తుందట. తల దక్షిణానికి పెట్టి పడుకోవాలి. ఫ్రిజ్ దగ్గర అన్న ఆగిపోయాడు. అది అగ్నో నీళ్లో తేలలేదు. చాయ తాగి, ఎవరికో ఫోను చేసి, కరెంటు తాగుతుంది కాబట్టి అగ్గి కిందికే వస్తుందని తీర్పు చెప్పాడు. ఆగ్నేయంలో, బ్యాటరీ పక్కన.

"తోక ఉత్తరానికి పోతే ప్యానల్‌కు ఎండ సరిగ తగలదన్నా" అన్నాను.

"సూర్యుడు అందరోడు రా. తగుల్తది."

మా ఆవిడ లోపలికెక్కి పడుకుని చూసింది. ఆగ్నేయం సరిగ్గా తల పక్కకొచ్చింది. చెయ్యి చాపితే ఫ్రిజ్ డబ్బా అందింది.

"బావ చెప్పినట్ల చెయ్యి. మందుతోని ఆటలొద్దు" అంది.

మందు కోసమే కదా ఇదంతా. అన్న చెప్పినట్టే చేశాను.

చెల్లెలి కూతురికి కొడుకు పుట్టాడు. తొట్టెలకు ముందురోజు పొద్దున బండిని కిరాయి కారుకు తగిలించి బయల్దేరాం. శివరాత్రి దాటింది, ఎండలు ముదురుతున్నాయి. హాలియా రోడ్డు దాదాపు దక్షిణానికే పోతుంది. దారి పొడుగునా మా తోక ఉత్తరానికే ఉంది. వాస్తు ఎక్కడా చెడలేదు.

చెల్లెలి ఇంటి ముందు తలుపు తూర్పుకు వచ్చేలా బండి పెట్టాలంటే ఒక్కటే చోటు దొరికింది. ముక్కు పక్కింటి వాళ్ల మేడ గోడకు ఆనింది. బండి మీద మేడ నీడ పడింది. కిరాయి కారు విప్పి పంపేసి, బండిని అక్కడికే నెట్టి పెట్టేశాను. చెల్లెలు బయటికొచ్చి చూసింది.

"ఇంటి ముంగటికొచ్చి బజార్ల పండుడేందే అక్కా? నలుగురు ఏమనుకుంటరు?"

"మాకు గిందులనే మంచిగుంటదే" అంది మా ఆవిడ.

చెల్లెలు ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది. మా ఆవిడ డబ్బా మీద చెయ్యి వేసుకుని పడుకుంది.

తెల్లారి లేచేసరికి డబ్బా మీది లైటు ఆరిపోయి ఉంది.

"సల్లగ లేదు" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది.

బ్యాటరీ చచ్చింది. బండి తిప్పుదామంటే వెనకాలే టెంటు గుంజలు పాతేశారు. చార్జరు ఇబ్రహీంపట్నంలో ఉంది. మెడికల్ షాపులు ఇంకా తెరవలేదు. తెరిచి కొత్త మందు కొన్నా దాన్ని పెట్టడానికీ చోటు కావాలి. నేను బ్యాటరీ వైర్లు పీకి మళ్లీ బిగిస్తున్నాను, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి. మా ఆవిడ మందు సంచి పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా చెల్లెలింట్లోకి నడిచింది. నేను వెనకాలే పోయాను.

వంటింట్లో చెల్లెలు ఫ్రిజ్ తెరిచి నిలబడి ఉంది. నిండా మటన్ బేసిన్లు. మా ఆవిడ వాటిని చూసింది. వెనక్కి తిరిగి వచ్చేస్తుందనుకున్నాను.

"చెల్లె, జర నీ ఫ్రిజ్‌ల జాగ కావాలె నాకు."

ఆమె ఎవరినైనా అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఆగలేదు. ఎండాకాలం, కిటికీ, దవాఖాన, అంతా చెప్పేసింది. చెల్లెలు ఫ్రిజ్ తలుపు వదిలేసి ఇటు తిరిగింది.

"గందుకా నువ్వు రాంది?" అంది. "నేను చీర గురించనుకున్న."

"ఏం చీర?"

"గా ఫంక్షన్ల మా అత్తింటి వదినెకు పట్టుచీర పెట్టి నీకు నూలుది పెడితి గద. అక్కకు కోపమొచ్చింది, ఇగ నా మొకం చూడదనుకున్న. ఆ రందితోనే ఉన్ననే ఇన్నేండ్లు."

"నీ చీర పాడుగాను. నేను మడత గూడ ఇప్పలే."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెల్డింగు చేసి చేసి కళ్లు పాడయ్యాయని ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

చెల్లెలు కళ్లు తుడుచుకుని ఫ్రిజ్‌లోని బేసిన్లు ఒక్కొక్కటే తీసి నా చేతుల్లో పెట్టింది.

"పట్టు బావా. ఇప్పుడే పొయ్యి మీదికెక్కియ్యమను. అన్నీ."

ఖాళీ అర తుడిచి మందు పెట్టించింది. తలుపు మూసి, దాని ముందు ముక్కాలిపీట వేసుకుని, వీపు తలుపుకు ఆనించి కూర్చుంది. పట్టుచీర కట్టించడానికి కూతురు అక్కడికే రావాల్సి వచ్చింది. మనవణ్ణి తొట్టెల్లో వేసేటప్పుడు లేవక తప్పలేదు. అప్పుడు తన చోట్లో నన్ను కూర్చోబెట్టి పోయింది. ఎండకు వచ్చిన చుట్టాలు వంటింట్లోకి తొంగి చూసి చల్లటి నీళ్లు అడిగారు. "బిందెలున్నయ్, తాగుండ్రి. గిది తెరిసేది లేదు" అని చెల్లెలు అందరికీ చెప్పింది.

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ చల్లటి నీళ్లు దొరకలేదు.