స్ప్రింగుకు విశ్రాంతి

రెండో లాక్‌డౌన్ చలికాలంలో, జర్మనీలోని హానోవర్‌లో మా బిల్డింగు కెల్లర్‌లోకి, అంటే నేలమాళిగలోకి, బట్టలు ఉతకడానికి దిగితే, మాస్కు ఉన్నా తుపాకీ నూనె వాసన తగిలింది. పాత ఆయుధాలు సేకరించే పై అంతస్తు పెద్దాయన తన ఇనుప బీరువా ముందు కూర్చుని, సైనిక రైఫిళ్లకు తూటాలు నింపే మ్యాగజైన్లు, ఖాళీవి, తుడుస్తున్నాడు.

కర్నూలులో మా నాన్న చేతులదీ అదే వాసన. ఆయన పోలీసు ఆయుధాగారంలో పనిచేసేవాడు. నా చిన్నప్పుడు ఓ శనివారం ఆయనకు క్యారియర్ తీసుకెళ్తే, సెంట్రీల పాత రైఫిళ్ల మ్యాగజైన్లలోంచి తూటాలు తీసేసి, నూనె గుడ్డతో తుడిచి, ఖాళీగా అరలో పేరుస్తున్నాడు.

"ఎందుకు తీస్తున్నావు నాన్నా?"

"ఎప్పుడూ నిండుగా ఉంటే లోపలి స్ప్రింగు అలిసిపోతాది పాపా. దానికీ వారానికోసారి రోంత రెస్టు ఉండాల."

ఆ సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం విప్పకుండానే కుర్చీలో వాలిపోయాడు. నేను ఆయన జేబులోంచి విజిలు, పెన్ను, తాళాలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాను. ఖాళీ అయితే అలసట పోతుందనుకున్నాను. ఆయన కళ్లు తెరవలేదు గానీ, రెండో జేబు నాకు అందేలా కొంచెం పక్కకు ఒరిగాడు.

స్ప్రింగుకు నాన్న ఇచ్చే రెస్టు సంగతి చెబితే కెల్లర్‌లో పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "నిండుగా ఉంచినంత మాత్రాన స్ప్రింగు పాడవదు. మాటిమాటికీ నింపి, ఖాళీ చేస్తేనే అరుగుతుంది" అన్నాడు.

అంటే నాన్న ఇచ్చిన విశ్రాంతే దాన్ని అరగదీసిందన్నమాట. మా పాప వెళ్లే కీటా, అదే పగటిపూట పిల్లల్ని చూసుకునే బడి, తెరవడం, మూయడం, మళ్లీ తెరవడంతోనే గడిచిన ఆ ఏడాది, ఆ మాట నాకొకరు చెప్పక్కర్లేదు.

అయినా పైకొచ్చి, స్వెట్టర్ జేబుల్లోంచి తాళాలు, వాడిన మాస్కు, పాప చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టి, అప్పుడు కూర్చున్నాను.