అవ్వ రాగి బిందె

చిలమత్తూరు నరసక్కకు వాళ్ల అవ్వ పేరే పెట్టారు. పేరు తనకొచ్చింది గానీ, అవ్వ రాగి బిందె మాత్రం అక్క యశోదకు పోయింది. అవ్వ కొడుకు రఘునాథ్, అంటే వీళ్ల మేనమామ, యశోదను చేసుకున్నాడు. ఆయన్ను చేసుకున్నదానికే బిందె. మామకు ధర్మవరంలో రైల్వే ఉద్యోగం. నరసక్కకు దొరికింది పుల్లన్న, ఆయన గొర్రెలు, ఇంత శెనక్కాయ చేను. పుల్లన్న మంచివాడే, పాపం. కానీ మంచివాడైనంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

ధర్మవరం పోయినప్పుడల్లా ఆ బిందె వంటింటి గట్టు మీద తళతళలాడుతూ కనిపించేది. "నీళ్లు తాగుతావా నరసీ?" అని అక్క అందులో ముంచి ఇస్తే, ఆ నీళ్లు గొంతు దిగేవి కావు. అక్క చీర చూసి కుళ్లుకుంది, ఫ్రిజ్ చూసి కుళ్లుకుంది. అన్నిటికన్నా అక్క కూతురు వైష్ణవిని చూసి ఎక్కువ కుళ్లుకుంది. ఆ పిల్ల ముగ్గేస్తే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. నరసక్క కొడుకు సురేష్ రాసింది వాడికే అర్థమయ్యేది కాదు. ఈ పిల్ల చెయ్యి పడిపోనూ అని ఒకరోజు నరసక్క మనసులో అనుకుంది. అనుకుని, ఏమీ ఎరగనట్టు ముగ్గు బాగుందని మెచ్చుకుంది.

ఇంటర్లో ఉండగా వైష్ణవి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. గ్లాసు జారేది, మాట ముద్దగా వచ్చేది. పెనుకొండలో తాయెత్తు కట్టించారు, హిందూపురంలో స్కానింగులు తీయించారు. చివరికి బెంగళూరులో తెలుగు డాక్టరొకాయన పిల్ల కంట్లోకి లైటు వేసి, నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం ఉందని చెప్పి, ఇంటిల్లిపాదికీ రక్తపరీక్షలు రాశాడు. తోడు పోయిన నరసక్కకూ చేశారు. పిల్లకు ఏమైందో ఎవరికీ తెలియకపోయినా తనకు తెలుసు కదా!

రిపోర్టులు వచ్చాక, అక్క మాత్రలకు పోయిన సందు చూసుకుని నరసక్క డాక్టరు గదిలోకి దూరింది.

"సార్, కన్ను తగిలితే ఇట్ల అయితాదా? నా కన్ను శానా చెడ్డది."

డాక్టరు నవ్వలేదు. "కూర్చోమ్మా. మన ఒంట్లో పనులన్నీ చేసేది ప్రోటీన్లు. తిండిలో మిగిలిన రాగిని లివరు కణంలోంచి బయటికి తోసేది ఒకటుంది. అది సరిగ్గా మడత పడితేనే పనికొస్తుంది. ఈ పిల్లకు వంకరగా మడత పడుతోంది. వంకరదాన్ని కణం ముందుకు పోనీకుండా అక్కడికక్కడే విరగ్గొట్టేస్తుంది. ఇక తోసేదెవరు? రాగి పేరుకుపోయి కణం చచ్చిపోతుంది. ఆ రాగే రక్తంలో పడి మెదడుకూ కంటికీ చేరుతుంది. ఇది పుట్టుకతో వచ్చింది, నీ కన్నుతో కాదు."

నరసక్క కళ్లు తుడుచుకుంది. అంతలోనే పాత పురుగు తొలిచింది. "మామను నేను చేసుకునింటే సార్?"

"ఆ చెడ్డ ప్రోటీను తయారుచేసే జన్యువు మీ మామలో ఒకటి, మీ అక్కలో ఒకటి ఉన్నాయి. నీలోనూ ఉంది. ప్రతి మనిషిలో ఈ జన్యువు రెండేసి ఉంటుంది, ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది కాబట్టి మీకెవరికీ జబ్బు లేదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ చెడ్డవే వస్తే ఇట్లా. ఇలాంటి బిడ్డ నీకూ పుట్టి ఉండొచ్చు."

తర్వాత సురేష్‌కూ పరీక్ష చేశారు. వాడికేమీ లేదు.

వైష్ణవికి జీవితాంతం మాత్రలు. రాగి ఎక్కువ ఉంటుందని శెనక్కాయలు వద్దు, రాగి పాత్రలో నీళ్లు వద్దు. మాట కొంచెం కొంచెంగా తేటపడుతోంది. శెనక్కాయలు పెరికే రోజుల్లో యశోద పిల్లను వెంటబెట్టుకుని చిలమత్తూరు వచ్చింది. బిందె తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది.

"తీసుకో నరసీ. ఇంగ మాకు పనికిరాదు. నీకు మొదట్నుంచీ దీని మీదే కదా మనసు."

ఇన్నేళ్లు దేనికోసం ఏడ్చిందో ఆ బిందె ఎదురుగా ఉంటే నరసక్కకు ముట్టబుద్ధి కాలేదు. ఇంతలో చేని నుంచి వచ్చిన సురేష్ గుప్పెడు శెనక్కాయలు నములుతూ, "నీళ్లు పట్టుకొస్తామ్మా" అని ఆ బిందెను ఒంటిచేత్తో ఎగరేసి భుజాన పెట్టుకున్నాడు. మంచం మీద వైష్ణవి స్టీలు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఉంది. యశోద వాడి చేతి వంకే చూస్తోంది. చూపు తిప్పుకోవడం లేదు.

ఆ చూపు నరసక్కకు కొత్త కాదు. ఇరవై ఏళ్లు తను చూసిన చూపే. గబగబా లోపలికి పోయి, కొడుక్కి దిష్టి తీద్దామని పిడికెడు ఉప్పు తీసింది. తీసి, అలాగే నిలబడిపోయింది. తన కన్ను ఆ బిడ్డను ఏమీ చేయలేదని డాక్టరు చెబితే ఏడ్చినంత పని చేసింది. మరి అక్క కన్ను తన బిడ్డను ఏం చేస్తుంది?

ఉప్పు జాడీలో పోసేసి బయటికొచ్చింది.

"ఒరే సురేషా, బిందె ఆడ పెట్టు. చెయ్యి కడుక్కొని వచ్చి మీ పెద్దమ్మ పక్కన కూచో."