గులాబీలకు పనికిరాని తారుకొయ్య

1944 వేసవిలో నన్ను బెంగళూరు దండు (కంటోన్మెంటు) ప్రాంతంలో ఒక సర్కారు బంగళా తోటపనికి ఓవర్సీరుగా వేశారు. ఆ బంగళాలో ఉండేది మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారే. వెనక ఉన్న ఏటవాలు నేలను మెట్లుగా చదును చేసి, మట్టి జారకుండా అడ్డుగోడలు కట్టాలి. యుద్ధకాలం కనుక సిమెంటు దొరకదు. రైలుపట్టాల కింద నుంచి తీసేసిన పాత స్లీపర్లు పంపారు. చెదలు పట్టకుండా తారునూనె తాగించిన దుంగలు అవి.

మొదటి వరసను సగం నేలలో పాతించి, పైవరసల అతుకులు ఇటుకగోడలో లాగా తప్పించి, గోడను కొద్దిగా గట్టువైపు వాల్చి, వెనక కంకర పోయించాను. గులాబీల మడి దగ్గర మాత్రం రాతిగోడే ఉండాలని ఇంజనీరుగారు ఉత్తర్వు చేశారు. తారు తగిలితే వేళ్ళు మాడిపోతాయట. సరైన మాటే.

పనిలో మిగిలిన కొయ్యముక్కలు కూలీలవన్నది పాత వాడుక. వంటచెరుకు కరువుగా ఉన్న రోజులు. మడివాళ నుంచి మట్టి మోయడానికి వచ్చే మునెమ్మ ఆ తారుముక్కలు ఇంటికి తీసుకుపోయింది. మర్నాడు ఆ పొగకు కళ్ళు వాచి వచ్చింది.

"సంగటంతా తారు కంపు కొడతా ఉండాది. పిల్లోళ్ళు కక్కుకున్యారు. ఇంగ దేంతో వండేది సామీ?" అంది.

ఆ ముక్కలు ఎవరూ ముట్టవద్దన్నాను. బదులుగా, తోటలో మేము కొట్టేసిన సరుగుడు కొమ్మలు కూలీలకు ఇప్పించమని ఇంజనీరుగారిని అడిగాను. అవి తమ స్నానాల నీళ్ళకు కావాలన్నారు. కట్టె ఏదైతేనేం, ఊరికే వస్తుంటే వాళ్ళకేం నొప్పని కసిరారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గులాబీ వేళ్ళకు పనికిరానిది మునెమ్మ పిల్లల కూటికి ఎలా పనికొస్తుందని మొహం మీదే అడిగాను. బయటికి పొమ్మన్నారు.

పనిచోట చెత్త ఎత్తించే అధికారం ఓవర్సీరుది. ఆ సాయంత్రమే కొమ్మలన్నీ చెత్తగా తేల్చి కూలీల నెత్తికెత్తాను. తారుముక్కల్లో పొడుగువాటిని గోడ ఒరగకుండా వెనక్కి పట్టి ఉంచే ఊతలుగా మట్టిలోకి దిగవేయించాను. తక్కినవి లోతుగా పూడ్పించాను. మునెమ్మ ఇంట్లో పొయ్యి మళ్ళీ వెలిగింది. నన్ను వారం తిరక్కుండా కోలారు వైపు బదిలీ చేశారు, అవిధేయుడినని రాసి మరీ.

ఊరికే ఇచ్చే సామాను ముందు ఇచ్చేవాడి వంటింట్లో కాల్చి చూడాలని ఆ పనిలో తెలుసుకున్నాను. తర్వాత తారుకొయ్యతో చేసిన ప్రతి పని అంచనాలోనూ కూలీలకు వంటచెరుకు అని ఒక పద్దు వేశాను. పైవాళ్ళు కొట్టేసిన ప్రతిసారీ మళ్ళీ వేశాను.