గ్రీజు అందని రెండు మూతులు

మా ఆయన పదకొండేళ్లు మస్కట్‌లో లోడర్ నడిపి ఇంటికొచ్చాడు. వచ్చిన ఏడాదికే ఇంకొకరి చేతిలో నడిచిన పాత లోడర్ ఒకటి కొన్నాడు. ముందర మా వంటగదంత బకెట్, మనిషి ఎత్తు చక్రాలు, నడుము దగ్గర వంగి తిరిగే బండి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే దారిలోనే మా ఊరు. రోడ్డు పనుల దగ్గర మొరం, కంకర ఎత్తి టిప్పర్లలో పోయడం దాని పని.

ఆ బండిని మూడేళ్లు ఆయన మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. పొద్దున్నే నూనె చూడటం, నీళ్లు చూడటం, గ్రీజు పెట్టడం అంతా ఆయనే. నేను చాయ్ తీసుకుపోతే "గట్ల దూరం పెట్టు" అనేవాడు. మా అత్త నవ్వేది. "చిన్నప్పుడు బర్రె దుడ్డెను గూడ గిట్లనే ఎవల్నీ ముట్టనియ్యకపోతుండె" అనేది.

వానాకాలంలో ఆయనకు చికున్‌గున్యా వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది గానీ కీళ్లు పట్టేశాయి. అన్నం ముద్ద కలుపుకోవడానికి కూడా వేళ్లు ముడుచుకునేవి కావు. వానలకు పనులు ఎలాగూ ఆగాయి కనుక బండి ఇంటి పక్క ఖాళీ జాగాలో మూడు వారాలు నిలబడింది. తర్వాత ఎండలు కాశాయి. సోమవారం నుంచి ఎల్లారెడ్డి దగ్గర పని మొదలని గుత్తేదారు ఫోన్ చేశాడు.

నడపడం ఆయనకు కష్టం కాదు, లివర్లు రెండు వేళ్లతో కదులుతాయి. గ్రీజు గన్నును మాత్రం రెండు చేతులా బలంగా నొక్కాలి. ఆదివారం పొద్దున గన్ను పట్టుకుని రెండుసార్లు నొక్కి, మూడోసారికి కింద పెట్టేశాడు.

"నేను పెడ్త" అన్నాను.

"నువ్వా? చీరంత ఖరాబైతది."

"చీర ఉతికితే పోతది. నీ చేతులు మంచిగయ్యేదాంక బండి ఆగుతదా?"

ఆయన గన్నును నా వైపు జరిపాడు. మా అత్త లోపలికి పోయి కొడుకు పాత లుంగీలు రెండు తెచ్చింది. ఒకటి నా నడుముకు కట్టి, ఒకటి తాను కట్టుకుంది. ఆయన మంచం బండికి పది అడుగుల దూరంలో, నీడలో వేశాము.

బకెట్ నేలకు ఆనించి, ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టించాడు. బండి నడుము ఉన్నట్టుండి మడతపడకుండా మధ్యలో ఇనుప కడ్డీ అడ్డం వేయించాడు. "తాళంచెవి నీ కొంగుకు కట్టుకో. కిందికి దూరెటోళ్ల దగ్గరనే చెవి ఉండాలె" అన్నాడు. ఇంటి బీరువా తాళంచెవి పక్కనే దాన్నీ కట్టుకున్నాను.

నూనె గేజు తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూశాను. గీత వరకు ఉంది. రేడియేటర్ జాలీకి వడ్ల పొట్టు, పత్తి దూది పట్టి ఉంటే చీపురుతో దులిపాను. గాలి ఫిల్టర్‌ను తీసి ఇస్తే మా అత్త ఒళ్లో పెట్టుకుని, పాలు తాగిన పిల్ల వీపు తట్టినట్టు మెల్లగా తట్టింది. దోసెడు ఎర్ర దుమ్ము రాలింది.

ఇక గ్రీజు. బకెట్‌కు, దాన్ని ఎత్తే చేతులకు, నడుముకు, ఎక్కడ ఇనుము ఇనుములో తిరుగుతుందో అక్కడల్లా చిన్న మూతి ఒకటి బయటికి ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచి, గన్ను మూతి తగిలించి నొక్కాలి. మొదటిసారి గన్ను జారి గ్రీజంతా నా ముక్కు మీద పడింది. మంచం మీద నుంచి ఆయన నవ్వు వినిపించింది. జ్వరం వచ్చినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

రెండో మూతి, మూడో మూతి... చేతికి లెక్క తెలిసిపోయింది. నొక్కుతూ ఉంటే సందులోంచి కొత్త గ్రీజు సన్నగా అంచు కడుతుంది, అప్పుడు ఆపాలి. ఒక మూతి మాత్రం ఎంత నొక్కినా మింగలేదు. ఆయన చెప్పినట్టు పానాతో విప్పి, డీజిల్‌లో నానబెట్టి, సన్న తీగతో పొడిచి మళ్లీ బిగించాను. ఈసారి గటగటా తాగింది.

"మా నాయిన ఎడ్ల బండికి నేనే కందెన పెడ్తుంటి. గడ్డి కాల్చిన బూడిద, ఆముదం కలిపి. గప్పుడు మూతులు లేవు, ఏలు పెట్టి పూసుడే" అంది మా అత్త. అంటూనే ఒక పిన్ను చుట్టూ పొంగిన గ్రీజును వేలితో గుండ్రంగా సర్దింది.

"ఇరవై నాలుగైనయ్. అయిపోయింది, ఇగ రాండ్రి" అన్నాడు ఆయన.

నాకు ఉత్సాహం తగ్గలేదు. బండితో వచ్చిన ఇంగ్లీషు బుక్కు బీరువాలో అట్లాగే ఉంది. కామారెడ్డిలో ఇంటర్ చదివిన దాన్ని కదా అని తెచ్చి తిప్పాను. ఒక పేజీ నిండా బండి బొమ్మ, చుట్టూ బాణం గుర్తులు. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

"బుక్కుల ఇరవై ఆరున్నయ్."

"అది వేరే బండిది కావచ్చు."

"బండి రేకు మీది నంబరు, బుక్కు మీది నంబరు ఒక్కటే. చూసిన. మిగిలిన రెండు ఎనక ఇరుసు నడుమ చూపెడ్తున్నయ్."

ఆయన లేచి కూర్చున్నాడు. వెనక ఇరుసు నడుమే రెండు నెలల నుంచి కిర్రు కిర్రుమంటోంది. గుంతలో దిగినప్పుడల్లా ఆ చప్పుడు మా ఇంటిదాకా వినిపించేది. లోపల పిన్ను తిరిగే బుష్షులు అరిగిపోయినట్టున్నాయి, ఇరుసు మొత్తం దించాల్సి వస్తుందని కామారెడ్డి మెకానిక్ వానలకు ముందే చెప్పి పోయాడు. ఆ మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

నేను వెనక చక్రాల మధ్య దూరాను. బురద ఎండి గోడలా పేరుకుంది. ఏమీ కనిపించలేదు. మా అత్త కలుపు తీసే ఖుర్పీ పట్టుకుని నా వెనకే పాకింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులన్న సంగతే మరిచిపోయినట్టుంది. ఖుర్పీతో పెచ్చు పెచ్చుగా బురద ఊడదీస్తూ పోయింది.

"పిల్లా, గిదేంది? శెనగ గింజంత ఉన్నది."

అదే. ఇంకో పది నిమిషాలకు ఇరుసు అవతలి వైపు రెండోది కూడా దొరికింది.

రెండూ తుడిచి గన్ను తగిలించాను. గన్ను పిడి కదలలేదు. మా అత్త తన చేతులు నా చేతుల మీద వేసింది. ఇద్దరం కలిసి ఒరిగి నొక్కాము. మొదట నల్లని పొడి రాలింది, తర్వాత ఎర్రమట్టి, తర్వాత మట్టి కలిసిన పాత గ్రీజు. చివరికి కొత్తది తేనెలా మెల్లగా బయటికొచ్చింది.

ఆయన కుంటుకుంటూ వచ్చి వంగి చూశాడు.

"మస్కట్ల గ్రీజు పెట్టెటోళ్లు వేరే ఉంటుండె. నేను నడిపినంతే. ఈ బండి కొన్ననాడు పాత డ్రైవర్ ఏవి చూపిచ్చిండో అవే పెట్టుకుంట వచ్చిన. మూడేండ్లు వీటికి చుక్క పోయలే" అన్నాడు.

"పెడ్తిమి గదా కొడుకా. నడిపి చూడు" అంది మా అత్త.

కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చాను. రాళ్లు, కడ్డీ తీశాము. ఖాళీ జాగాలో గతుకులున్న చోటే చుట్టు తిప్పాడు. మొదటి చుట్టులో కిర్రుమంది. రెండో చుట్టుకు బాగా తగ్గింది. మూడో చుట్టులో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. అవసరం లేకపోయినా నాలుగో చుట్టు తిప్పాడు. క్యాబిన్‌లోంచి మమ్మల్ని చూసి బకెట్‌ను పైకి కిందికి ఊపాడు, సలాం కొట్టినట్టు. మా అత్త కూడా గ్రీజు చెయ్యెత్తి సలాం కొట్టింది. నాకు నవ్వు ఆగలేదు, ఎందుకో కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి.

సోమవారం సద్ది, ఆ బుక్కు తీసుకుని నేను ఎల్లారెడ్డి పోయేసరికి మెకానిక్ అక్కడే ఉన్నాడు. మా ఆయన చెప్పిందంతా విని, ఇరుసు కింద పడుకుని కదిలించి చూసి లేచాడు.

"బుష్షులు జర అరిగినయ్ గని, ఇప్పట్ల దించే పని లేదు. ఆ రెండు మూతులు ఎట్ల దొరికినయ్ చెల్లె?"

"బుక్కుల ఉన్నయన్నా."

"నేను బుక్కు తెరిచి ఎన్నేండ్లాయెనో" అని తల గోక్కున్నాడు. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. తనకు తెలియలేదన్నది ఎవరైనా దాచుకునే మాటే, కానీ మెకానిక్ దాచుకోలేదు, పోయిన చోటల్లా చెప్పాడు.

పది రోజులకు రాజంపేట నుంచి ఫోన్ వచ్చింది. అక్కడొకాయన దగ్గర అచ్చం మాలాంటి బండే ఉందట, దానికీ అదే కిర్రు. "మీ ఇంట్ల ఆడోళ్లు కనిపెట్టిండ్రట గదా, ఒకసారి పంపుతరా?" అని మా ఆయనను అడిగాడు. ఆయన నా వైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను. ఆమె అప్పటికే ఖుర్పీ వెతుక్కుంటోంది.

ఎల్లారెడ్డి నుంచి వచ్చే బస్సెక్కి కామారెడ్డిలో దిగి, ఆటోలో రాజంపేట పోయాము. మా అత్త మంచి చీర కట్టుకుంది, లుంగీలు సంచిలో పెట్టింది. ఆ బండికి కూడా రెండు మూతులూ బురదలోనే ఉన్నాయి. గంట పట్టింది. ఆ ఇంటావిడ మక్క గారెలు వేడివేడిగా కాల్చి పెట్టింది. ఇప్పుడు కిర్రుమనని ఆ బండిని దాని యజమాని అదే పనిగా ముందుకు, వెనక్కు నడిపిస్తుంటే గోడ మీద కూర్చుని తిన్నాము.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా అత్త కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డు పక్కన మొరం గుట్ట దగ్గర ఒక లోడర్ కనిపిస్తే మెడ తిప్పి, అది కనుమరుగయ్యే దాకా చూసింది.

"గది గూడ కిర్రుమన్నట్టే ఇనవడ్డది పిల్లా" అంది. "రేపు అడుగుదామా?"